ఒకే మందు, ఒకే డోసు, రెండు కుక్కలు: కోలీ క్రాస్‌లో ఐవర్‌మెక్టిన్ పాయిజనింగ్, పూర్తి కేసు

ముందు పేషంట్ వివరాలు. కోలీ (గొర్రెల్ని కాసే కుక్కల జాతి) క్రాస్, మగ కుక్క, నాలుగేళ్లు, 20 కేజీలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, వ్యాక్సిన్లన్నీ టైంకి పడ్డాయి, ఇంతకు ముందు పెద్ద జబ్బులేమీ లేవు. తీసుకొచ్చిన కారణం ఏంటంటే ముందు రోజు రాత్రి నుంచి తూలుతోంది, తెల్లారేసరికి వెనక కాళ్లు నిలవట్లేదు, నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది, పేరు పెట్టి పిలిచినా తల తిప్పట్లేదు.

టేబుల్ మీద పడుకోబెట్టి చూస్తే టెంపరేచర్ 37.1 డిగ్రీల సెల్సియస్, అంటే కుక్కకి తక్కువే. గుండె నిమిషానికి 52, ఊపిరి నిమిషానికి 10, అదీ పైపైన. కంటిపాపలు రెండూ బాగా పెద్దవై ఉన్నాయి, టార్చి వేస్తే చాలా నెమ్మదిగా కొంచెం ముడుచుకుంటున్నాయి. చెయ్యి కంటి ముందుకి గబుక్కున తెస్తే రెప్ప కొట్టట్లేదు, కానీ కంటి మూల వేలితో తాకితే కొడుతోంది. అంటే రెప్ప కొట్టే నరం పని చేస్తోంది, చూపే లేదు. తల, కాళ్లు సన్నగా వణుకుతున్నాయి. షుగర్ నార్మల్, కిడ్నీ లివర్ నార్మల్, తలకి దెబ్బ తగిలిన ఆనవాలు లేదు.

చొంగ, వణుకు, తూలడం మూడూ కలిపి చూస్తే చాలామందికి మొదట పురుగుమందు గుర్తొస్తుంది, నిజానికి రావాలి కూడా. కానీ ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే మామూలుగా కంటిపాపలు బాగా చిన్నవైపోతాయి, ఇక్కడ పూర్తిగా రివర్స్. గంజాయి తిన్న కుక్క కూడా తూలుతుంది, పాపలు పెద్దవవుతాయి, అది కూడా లిస్టులో పెట్టుకున్నా. ఇలాంటప్పుడు టెస్టుల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే, గత రెండు మూడు రోజుల్లో దీనికి ఏం మందు వేశారు, పైన పూసిందైనా, తాగించిందైనా, వేరే జంతువుదైనా సరే.

అప్పుడు బయటికొచ్చింది అసలు విషయం. ముఖం మీద, ముందు కాళ్ల మీద బొచ్చు ఊడుతోందని, పశువులకి పురుగులు పోవడానికి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ బాటిల్ ఇంట్లో ఉంటే, సిరంజితో అర ఎంఎల్ తీసి అన్నంలో కలిపి పెట్టారు. "పక్కింటాళ్ల కుక్కకి ఇదే బాటిల్లోంచి ఇంతే వేశాం డాక్టర్ గారు, దానికి గజ్జి పోయింది, ఏమీ కాలేదు, అది కూడా ఇంచుమించు ఇదే బరువు" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ కేసులో నాకు ముఖ్యమైన మాట కూడా అదే, ఎందుకంటే ఆ రెండో కుక్కకి ఏమీ కాకపోవడం ఎంత సహజమో దీనికి ఇలా కావడం కూడా అంతే సహజం, మందులో తేడా లేదు, డోసులో తేడా లేదు, తేడా అంతా కుక్క లోపల ఉంది.

బాటిల్, సిరంజి రెండూ తెచ్చారు, చాలా మంచి పని చేశారు. లేబుల్ మీద 1 శాతం అని ఉంది. 1 శాతం అంటే ఒక ఎంఎల్‌లో 10 మిల్లీగ్రాములు. సిరంజిలో అర ఎంఎల్ గీత దాకా తీశామని చూపించారు, అంటే 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు, 20 కేజీలతో భాగిస్తే కేజీకి 250 మైక్రోగ్రాములు. పశువులకి లేబుల్ డోసు కేజీకి 200, అంటే 50 కేజీల బరువుకి ఒక ఎంఎల్. కాబట్టి లెక్క ప్రకారం వీళ్లు వేసింది పశువు డోసుకి కొంచెం ఎక్కువ, అంతే. పది రెట్లు పడిపోయిన కేసు కాదిది. ఎంఎల్‌కీ మిల్లీగ్రాముకీ తేడా తెలియక నిజంగానే పది రెట్లు వేసేసే కేసులు కూడా ఉంటాయి కాబట్టి ఈ లెక్క ప్రతిసారీ పేపర్ మీద వేసి చూసుకోవాలి.

ఇప్పుడు ఈ నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. గుండె పురుగు రాకుండా కుక్కలకి నెలకోసారి ఇచ్చే డోసు కేజీకి 6 మైక్రోగ్రాములు. మామూలు కుక్కల్లో పాయిజనింగ్ లక్షణాలు కనపడటం మొదలయ్యేది దాదాపు 2500 దగ్గర, పాపలు పెద్దవవడం లాంటివి, ఇంకా ఎక్కువైతే వణుకు. కానీ కొన్ని కోలీల్లో 100 దాటగానే లక్షణాలు మొదలవుతాయి, 200 దగ్గరికి వచ్చేసరికి కోమా దాకా వెళ్తాయి. మన పేషంట్‌కి పడింది 250. పక్కింటి కుక్కకి ఆ 250 ప్రమాదానికి ఆమడ దూరంలో ఉంది, దీనికి మాత్రం ప్రాణం మీదకొచ్చింది.

ఎందుకిలా అన్నది అర్థం కావాలంటే ఈ మందు ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి. 1970ల్లో జపాన్‌లో కిటసాటో ఇన్‌స్టిట్యూట్‌లో సతోషి ఓమురా మట్టిలోంచి బ్యాక్టీరియా వేరు చేసి, పనికొచ్చే పదార్థాలు తయారు చేస్తున్నాయేమో చూసేవారు. షిజువోకా ప్రాంతంలో కవానా అనే చోట ఒక గోల్ఫ్ కోర్సు దగ్గర మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ ఒకటి మెర్క్ కంపెనీ ల్యాబ్‌కి వెళ్లింది, అక్కడ విలియం క్యాంప్‌బెల్ టీమ్ కడుపులో నులిపురుగులున్న ఎలుకలకి ఆ కల్చర్ పెట్టి చూస్తే పురుగులు పోయాయి. అందులోంచి తీసినవే అవర్‌మెక్టిన్లు, దాని కెమిస్ట్రీ కొంచెం మార్చి ఇంకా సేఫ్‌గా చేసింది ఐవర్‌మెక్టిన్. 1981లో జంతువుల మందుగా మార్కెట్లోకి వచ్చింది. ఈ మందు ముందు పశువులకి, గుర్రాలకి వచ్చి తర్వాత మనుషులకి వెళ్లింది, 1987 నుంచి పురుగుల వల్ల చూపు పోయే జబ్బు రివర్ బ్లైండ్‌నెస్‌కి మెర్క్ దాన్ని ఉచితంగా ఇస్తోంది, 2015లో ఓమురాకి, క్యాంప్‌బెల్‌కి నోబెల్ వచ్చింది. జంతువుల మందు అంటే మనుషుల మందులో మిగిలిపోయింది అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే.

పని చేసే విధానం చాలా అందంగా ఉంటుంది. పురుగుల నరాల్లో, కండరాల్లో గ్లుటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ చానళ్లు ఉంటాయి, మందు వాటిని తెరిచి మూసుకోనివ్వదు, పురుగు చచ్చుబడిపోతుంది, తిండి కూడా మింగలేదు. క్షీరదాల్లో ఈ చానళ్లే లేవు. మనలో, కుక్కల్లో ఉన్నవి నరాల జోరు తగ్గించే గాబా, గ్లైసిన్ చానళ్లు, వాటికి కూడా ఈ మందు పట్టుకుంటుంది కానీ చాలా ఎక్కువ మోతాదు కావాలి, పైగా అవి ఉండేది మెదడు, వెన్నుపాములో. మెదడులోకి మందు వెళ్లకుండా రక్తనాళాల గోడల్లో పి గ్లైకోప్రోటీన్ అనే పంపు ఉంటుంది, గేటు దగ్గర వాచ్‌మన్ లాగా లోపలికి దూరిన మందుని దూరినట్టే పట్టుకుని తిరిగి రక్తంలోకి తోసేస్తూ ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ ఇంత సేఫ్ అని పేరు తెచ్చుకుందంటే అందులో పెద్ద వాటా ఈ పంపుదే.

కోలీల్లో కొన్ని ఈ మందుకి పడిపోతున్నాయని 1980ల్లోనే వెటర్నరీ డాక్టర్లకి తెలిసింది, కారణం మాత్రం చాలాకాలం తెలియలేదు. తెలిసిన తీరు కూడా ఆసక్తికరమే. నెదర్లాండ్స్‌లో ఈ పంపు జీన్ తీసేసిన ఎలుకలని పెంచుతున్న ల్యాబ్‌లో, ఒంటి మీద పేలు లాంటి పురుగులు పట్టాయని మామూలుగా ఐవర్‌మెక్టిన్ కొడితే ఆ ఎలుకలే చచ్చిపోయాయి, మామూలు ఎలుకలకి ఏమీ కాలేదు. కొలిచి చూస్తే జీన్ లేని ఎలుకల మెదడులో మందు 80 రెట్లకి పైగా ఉంది. అది 1994లో పబ్లిష్ అయింది. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కాట్రినా మీలీ టీమ్ కోలీల్లో అదే జీన్, అంటే ఎండీఆర్1లో, నాలుగు అక్షరాల డీఎన్ఏ ముక్క ఎగిరిపోయిందని చూపించింది. నాలుగు అక్షరాలు పోయేసరికి అక్కడి నుంచి చదవడం మొత్తం తప్పిపోయి ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోతుంది, పంపు తయారే కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ పోయిన కుక్కకి గేటు దగ్గర ఎవరూ లేనట్టే.

కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్, ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్, వైట్ స్విస్ షెపర్డ్, లాంగ్ హెయిర్డ్ విప్పెట్, వీటిలో ఈ మ్యుటేషన్ ఉంటుంది, కోలీల్లో అయితే చాలా ఎక్కువ. క్రాసుల్లో చూసి చెప్పలేం. మా పేషంట్‌కి పొడుగు మూతి ఉంది కాబట్టి అనుమానం వచ్చింది, అలా కనపడని క్రాసులు కూడా ఈ జీన్ మోస్తుంటాయి.

ఒక ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, మరి మందు మార్కెట్లోకి వదిలే ముందు ఇదంతా టెస్ట్ చెయ్యరా అని. చేస్తారు. జంతువుల మందుకి ఏ జాతికి అమ్ముతామో ఆ జాతిలోనే సేఫ్టీ స్టడీ చెయ్యాలి. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న జంతువులని గ్రూపులుగా పెట్టి లేబుల్ డోసు ఒక రెట్టు, మూడు రెట్లు, ఐదు రెట్లు ఇస్తారు, చాలా మందులకి వాడాల్సిన కాలానికి మూడు రెట్ల కాలం ఇచ్చి చూస్తారు. తర్వాత నిజంగా జబ్బున్న జంతువుల్లో, నిజమైన ఇళ్లలో, ఫారాల్లో ఫీల్డ్ ట్రయల్. కానీ ల్యాబ్‌లో వాడే కుక్క దాదాపు ఎప్పుడూ బీగిల్. బీగిల్స్‌లో ఈ మ్యుటేషన్ లేదు. వందల బీగిల్స్‌లో ఎంత జాగ్రత్తగా టెస్ట్ చేసినా ఈ ప్రమాదం కంటికి కనపడదు, ఎందుకంటే ఆ గ్రూపులో అది లేదు కాబట్టి. అందుకే ఇప్పుడు ఈ ఫ్యామిలీ మందులు కుక్కల కోసం తెచ్చేటప్పుడు ఐవర్‌మెక్టిన్‌కి సెన్సిటివ్ అని తెలిసిన కోలీల్లో విడిగా సేఫ్టీ స్టడీ చేస్తున్నారు. లేబుల్ మీద కోలీల గురించి ఒక లైను కనపడితే దాన్ని దాటేసి వెళ్లకండి, ఆ ఒక్క లైను వెనక కుక్కల ప్రాణాలున్నాయి.

పశువుల బాటిల్ విషయానికొస్తే, అది కుక్కల కోసం టెస్ట్ చేసిందే కాదు. దాని మీద రాసిన ప్రతి మాటా, డోసు, చర్మం కింద ఇవ్వాలన్నది, ఇన్ని రోజుల దాకా మాంసానికి పంపొద్దన్నది, ఒక జాతికి ఒక పద్ధతిలో చేసిన స్టడీల నుంచి వచ్చింది. అమెరికా లేబుల్‌లో పశువులకి ఈ 1 శాతం ఇంజెక్షన్ వేశాక కోతకి 35 రోజులు ఆగాలి, పాలిచ్చే వయసు డెయిరీ ఆవులకి అసలు వాడొద్దని ఉంటుంది, ఎందుకంటే మందు కొవ్వులో కూర్చుని నెమ్మదిగా వదులుతుంది, పాలలోకి కూడా వెళ్తుంది. పేడలో కూడా బయటికొస్తుంది, పేడ పురుగుల పిల్లలకి హాని చేస్తుంది, మందులు పాస్ చేసేటప్పుడు ఇదంతా కూడా చూస్తారు. కొవ్వులో కూర్చునే ఈ గుణమే మా పేషంట్‌కి కూడా పెద్ద తలనొప్పి అయింది.

ట్రీట్‌మెంట్ సంగతి. దీనికి విరుగుడు మందు లేదు, ఈ మాట ఓనర్లకి మొదటి రోజే చెప్పాలి. మందు ఒంట్లోంచి పోయేదాకా కుక్కని బతికించుకుంటూ ఉండటమే ట్రీట్‌మెంట్. మందు తిని చాలా గంటలైంది, పైగా స్పృహ సరిగా లేని కుక్కకి వాంతి చేయించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శ్వాసనాళంలో ట్యూబ్ వేసి, కడుపులోకి ఇంకో ట్యూబ్ వేసి, మందుని పట్టేసుకునే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇచ్చాం. ఐవర్‌మెక్టిన్ పైత్యరసంతో పేగులోకి వచ్చి మళ్లీ రక్తంలోకి పీల్చుకుంటుంది, అందుకే చార్‌కోల్ ఒకసారితో ఆపకుండా తక్కువ డోసులో రిపీట్ చేశాం, ప్రతిసారీ ముందు సోడియం చూసుకుని, ఎందుకంటే చార్‌కోల్ మళ్లీ మళ్లీ ఇస్తే సోడియం పెరిగిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు దాని వల్లే మెదడు దెబ్బతింటుంది.

లిపిడ్ ఎమల్షన్, అంటే రక్తంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం, కూడా ఇచ్చాం, 20 శాతం, కేజీకి 1.5 ఎంఎల్ లెక్కన 30 ఎంఎల్ మొదట ఒకేసారి, తర్వాత నిమిషానికి 5 ఎంఎల్ చొప్పున అరగంట. కొవ్వులో కరిగే మందుని రక్తంలోని కొవ్వు చుక్కల్లోకి లాగేస్తుందన్నది ఆలోచన. మామూలు జీన్ ఉన్న కుక్కల్లో బాగా పని చేసిన కేసులున్నాయి. మ్యుటేషన్ రెండు కాపీలూ ఉన్న కుక్కల్లో పని చెయ్యలేదని పబ్లిష్ అయిన కేసులు కూడా ఉన్నాయి. మా పేషంట్‌లో ఏ మార్పూ రాలేదు, పాపలు అంతే, స్పృహ అంతే. రెండోసారి ఇవ్వకూడదని అక్కడే నిర్ణయం తీసుకున్నా, డీఎన్ఏ టెస్టు రిజల్ట్ రాకముందే ఆ ఫెయిల్యూరే నాకు జీన్ గురించి సగం చెప్పేసింది.

సాయంత్రానికి పూర్తి కోమా. ఊపిరి ఇంకా తగ్గి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 62కి చేరింది, 60 దాటితే నేను ఆగను, వెంటిలేటర్ మీద పెట్టేశాం. వణుక్కి డయాజిపామ్ వాడలేదు, అది గాబా మీదే పని చేస్తుంది, ఇక్కడ గాబా ఇప్పటికే ఎక్కువైంది కాబట్టి ఇంకా మత్తు పెంచుతుంది, తక్కువ డోసు ప్రొపొఫాల్‌తో నడిపించాం. గుండె మరీ తగ్గినప్పుడు అట్రోపిన్. బ్యూటార్ఫనాల్, ఏస్‌ప్రొమజిన్ అనే మత్తు మందుల దగ్గరికి వెళ్లలేదు, ఈ పంపు లేని కుక్కల్లో అవి కూడా ఎక్కువసేపు, ఎక్కువ లోతుగా పని చేస్తాయి.

మిగతాదంతా నర్సింగ్, ఈ కేసు గెలిచింది అక్కడే. నాలుగు గంటలకోసారి పక్క మార్చడం, కళ్లు మూసుకోవు కాబట్టి కంటిలో జెల్ వేస్తూ ఉండటం, నోరు తుడవడం, యూరిన్ బ్యాగ్ కొలవడం, ఒళ్లు వెచ్చగా ఉంచడం, కీళ్లు బిగుసుకుపోకుండా కాళ్లు ఆడించడం, తర్వాత ట్యూబ్ ద్వారా తిండి. చదవడానికి చిన్న పనుల్లా ఉంటాయి, కానీ ఇలాంటి కుక్కల్ని చాలాసార్లు చంపేది ఐవర్‌మెక్టిన్ కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయిన చొంగ వల్ల వచ్చే న్యుమోనియా. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఒక్కసారి పక్క మార్చడం మర్చిపోలేదు, చార్ట్ చూస్తే ప్రతి గడిలో సంతకం ఉంది.

మూడో రోజు తనంతట తాను ఊపిరి బాగా తీయడం మొదలుపెట్టింది, వెంటిలేటర్ తీసేశాం. ఓనర్లకి ఈ టైంలోనే ఆశ పోతుంది, కుక్క బతికే ఉంది కానీ లేవట్లేదు, ఖర్చు పెరుగుతోంది, మెదడు పోయిందేమో, నిద్రపుచ్చేద్దామా అని అడుగుతారు. వీళ్లూ అడిగారు. నేను చెప్పింది ఏంటంటే ఈ మందు మెదడు కణాలని చంపట్లేదు, చానళ్లని తెరిచి పెట్టి నరాల్ని పడుకోబెట్టింది, మందు దిగిపోతే చానల్ మళ్లీ మామూలు అవుతుంది, ఊపిరితిత్తులు బాగున్నంతవరకు ఆగుదాం అని. ఆరో రోజు తల ఎత్తింది. ఇంకో రెండు మూడు రోజులకి తూలుతూ నిలబడింది, నీళ్లు తనే తాగింది. చూపు అన్నిటికంటే చివర వచ్చింది, నడుస్తూ గోడకి గుద్దుకునేది, దూది ఉండ కళ్ల ముందు వదిలితే చూసేది కాదు, పన్నెండో రోజుకి ఆ దూది ఉండ వెంట తల తిప్పింది, అప్పుడు ఇంటికి పంపాం.

చెంప లోపల స్వాబ్‌తో తీసిన డీఎన్ఏ రిపోర్టు మధ్యలో వచ్చింది, ఎండీఆర్1 రెండు కాపీలూ మ్యుటెంట్.

చర్మం సమస్య మాత్రం అలాగే ఉంది కదా, దాంతోనే కథ మొదలైంది. చర్మం గట్టిగా నొక్కి, గీకి, స్లైడ్ మీద ఒక చుక్క నూనెలో చూస్తే పొడుగ్గా డెమోడెక్స్ పురుగులు కనపడ్డాయి. దీనికి ఒకప్పుడు ఐవర్‌మెక్టిన్ రోజూ కేజీకి 300 నుంచి 600 మైక్రోగ్రాములు నెలల తరబడి ఇచ్చేవాళ్లం, లేబుల్‌లో లేకపోయినా వేరే దారి తక్కువ ఉండేది కాబట్టి. లేబుల్ బయట వాడటం మా వృత్తిలో తప్పు కాదు, ఇన్ని జాతులకి ఇన్ని జబ్బులకి లైసెన్స్ ఉన్న మందులు ఎక్కడున్నాయి, కానీ అలా వాడినప్పుడు కంపెనీ చేసిన సేఫ్టీ స్టడీ మన వెనక ఉండదు, ఆ బాధ్యత మొత్తం ప్రిస్క్రిప్షన్ రాసినవాళ్ల మీద పడుతుంది, ఇంట్లోవాళ్ల మీద కాదు. ఇప్పుడు ఫ్లురాలనర్ లాంటి, ఐసాక్సజోలిన్లు అనే వేరే ఫ్యామిలీ పురుగుల మందులు ఉన్నాయి, ఎండీఆర్1 రెండు కాపీలూ పోయిన కోలీలకి మూడు రెట్ల డోసు ఇచ్చి చూసిన స్టడీ కూడా ఉంది, తేడా రాలేదు. వీటికి వాటి జాగ్రత్త వాటికి ఉంది, ఫిట్స్ హిస్టరీ ఉన్న కుక్కల్లో ఆలోచించి ఇవ్వాలి. దీనికి ఫిట్స్ లేవు. నరాల లక్షణాలు పూర్తిగా పోయాక, బరువు మళ్లీ తూచి, ఒక ఫ్లురాలనర్ మాత్ర ఇచ్చాం. తర్వాత స్క్రేపింగ్‌లలో పురుగులు కనపడలేదు, ముఖం మీద బొచ్చు వచ్చేసింది.

గుండె పురుగు మందు నెలకోసారి కొనసాగించొచ్చా అని భయపడుతూ అడిగారు. కొనసాగించొచ్చు, కేజీకి 6 మైక్రోగ్రాముల దగ్గర ఈ కుక్కలకి కూడా సేఫ్ అని చూసే లేబుల్ ఇచ్చారు, ఈ కేసు చూసి భయపడి దాన్ని ఆపేస్తే గుండె పురుగు వస్తుంది, అది ఇంకా పెద్ద సమస్య. డోసు ముఖ్యం, పేరు కాదు.

ఫైల్ పైన ఎర్ర ఇంకుతో రాసి, ఓనర్ ఫోన్‌లో కూడా ఫోటో తీయించిన లిస్టు ఇది: ఐవర్‌మెక్టిన్ ఎక్కువ డోసు ఏ రూపంలోనూ వద్దు, గుర్రాల పేస్టు, పశువుల ఇంజెక్షన్, కొత్తగా డీవార్మింగ్ చేసిన గుర్రాల పేడ తినడం కూడా. విరేచనాలకి లోపరమైడ్ వద్దు, అది పేగు దగ్గర ఆగకుండా మెదడుకి వెళ్తుంది. ఆపరేషన్ వస్తే ఏస్‌ప్రొమజిన్, బ్యూటార్ఫనాల్ డోసు తగ్గించాలి. ఎప్పుడైనా క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అవసరమైతే విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్ డోసు లెక్క ముందే మార్చాలి.

అదే ఈతలో పుట్టిన ఆడ కుక్క ఒకటి వేరే ఇంట్లో ఉందని చెప్తే దానికి కూడా స్వాబ్ పంపించాం. ఒక కాపీ మామూలు, ఒక కాపీ మ్యుటెంట్ వచ్చింది. దాని ఫైల్‌లో కూడా లిస్టు అంటించాం, పిల్లలు పెట్టించే ఆలోచన ఉంటే మగ కుక్కకి ముందు టెస్ట్ చెయ్యమని ఆ ఇంటివాళ్లకి చెప్పాం.